సెల్లు బయటికొచ్చాక మొదలైన స్కాన్లు

బటన్ బ్యాటరీ మింగిన పిల్లల సంగతి ఎవరిని అడిగినా మొదటి రెండు గంటల గురించే చెబుతారు. నిజమే, ప్రాణం ఆ రెండు గంటల్లోనే ఉంటుంది. మా పాప విషయంలో ఆ భాగం ఒక్క పూటలో అయిపోయింది. తర్వాత నెలల తరబడి మేం తిరిగింది స్కానింగ్ గదుల చుట్టూ. ఎక్స్‌రేలు, ఎంఆర్ఐలు, ఒక అర్ధరాత్రి సీటీ, మందు తాగించి తీసే పరీక్ష, కొన్నాళ్లాగి మళ్లీ అదే పరీక్ష. ఏది ఎందుకు తీస్తారో, ఒకటి బాగుందన్నాక ఇంకొకటి ఎందుకంటారో మొదట్లో మాకు బోధపడలేదు. మాలాగే తిరుగుతున్నవాళ్లకు పనికొస్తుందని ముఖ్యంగా ఆ సంగతే రాస్తున్నాను.

ముందు జరిగింది క్లుప్తంగా చెప్పేస్తాను. పాపకు అప్పటికి ఏడాదిన్నర దాటింది. బరువు చూసుకునే మిషను వెనక మూత ఊడి ఉండటం మా అత్తయ్య చూశారు. ఆ మూతకు స్క్రూ లేదు, గోటితో లాగితే వచ్చేసే రకం. రెండు సెల్లులు ఉండాల్సిన చోట ఒకటే ఉంది. మింగడం ఎవరూ చూడలేదు. కానీ పాప చొంగ కారుస్తోంది, నోట్లో పెట్టింది పెట్టినట్టు ఉమ్మేస్తోంది, మధ్యమధ్య దగ్గుతోంది. ఆస్పత్రికి ఫోన్ చేస్తే ఎమర్జెన్సీ డాక్టరు గబగబా నాలుగు మాటలు చెప్పారు. వాంతి చేయించొద్దు. తిండి పెట్టొద్దు. ఏడాది దాటిన పిల్ల కాబట్టి, మింగగలిగితే రెండు చెంచాల తేనె, పది నిమిషాలకోసారి, దారిలోనే ఇస్తూ రండి, దానికోసం మాత్రం ఎక్కడా ఆగొద్దు. మిగిలిన రెండో సెల్లు కూడా తీసుకురండి.

ఏడాది లోపు పిల్లలకు తేనె ఇవ్వకూడదని, బొట్యులిజం అనే, కండరాలను చచ్చుబరిచే జబ్బు వచ్చే ప్రమాదముందని అప్పుడే చెప్పారు. తేనె విరుగుడేమీ కాదు. సెల్లుకూ లోపలి పొరకూ మధ్య పూతలా నిలిచి, పుట్టే క్షారాన్ని కొంత తగ్గిస్తుంది, అంతవరకే. ఆస్పత్రిలో ఇదే పనికి సుక్రాల్‌ఫేట్ అనే మందు వాడతారట.

సెల్లు లోపల పగిలి, అందులోని యాసిడ్ కారి కాలుతుందని నేను అనుకునేదాన్ని. చాలామంది ఇప్పటికీ అలాగే అనుకుంటారు. సెల్లు పగలక్కర్లేదు. తడిగా ఉన్న అన్నవాహిక గోడకు అది ఆనుకోగానే కరెంటు పారడం మొదలవుతుంది, దాంతో మైనస్ వైపు తీవ్రమైన క్షారం తయారవుతుంది. పదిహేను నిమిషాల్లోనే గాయం మొదలవ్వొచ్చు, రెండు గంటల్లో లోతైన కాలుడు పడొచ్చు. బొమ్మను ఆడించలేనంత అయిపోయిన సెల్లులో కూడా ఈ పనికి సరిపడా వోల్టేజీ ఉంటుంది. మా పాప మింగింది సీఆర్ 2032. ఆ అంకెల్లోనే దాని కొలత ఉందని డాక్టరు మిగిలిన సెల్లు చూపించి చెప్పారు: 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం. మూడు వోల్టుల లిథియం సెల్లు. చిన్నపిల్లల అన్నవాహికలో జారిపోకుండా ఇరుక్కోవడానికి సరిగ్గా సరిపోయే వెడల్పు. రెండో సెల్లు తెమ్మన్నది ఇందుకే.

మొదటి ఎక్స్‌రే ముక్కు దగ్గర్నుంచి మలద్వారం దాకా తీశారు. ఛాతీ ఒక్కటే తీస్తే సరిపోదు, సెల్లు ఎక్కడుందో, ఒకటే ఉందో ఇంకేమైనా ఉన్నాయో తెలియాలి. ఎదురుగా ఒకటి, పక్కనుంచి ఒకటి. ఎదురుగా తీసినదానిలో గుండ్రటి మచ్చ, దాని అంచుకు లోపలగా ఇంకో సన్నటి వలయం. నాణెం అయితే ఒకటే వలయం ఉంటుంది, ఇలా రెండుంటే బ్యాటరీ. పక్కనుంచి తీసినదానిలో ఒక వైపు చిన్న మెట్టులా కనిపించింది. సన్నంగా ఉన్న వైపు మైనస్. అది ఎటు తిరిగి ఉంటే అటు ఎక్కువ కాలుతుంది. మా పాపకు అది ముందుకు తిరిగి ఉంది, శ్వాసనాళం, పెద్ద రక్తనాళాలు ఉన్న వైపుకి. పైగా గుండె నుంచి బయల్దేరే అతిపెద్ద రక్తనాళం అయోర్టా వంపు తిరిగే ఎత్తులోనే ఇరుక్కుంది. ఆ రెండు వివరాలే తర్వాత జరిగినదంతా నిర్ణయించాయి. అప్పుడు నాకది తెలియదు. సెల్లు కనిపించిందన్న సంగతి ఒక్కటే నా బుర్రకెక్కింది.

మత్తిచ్చి ఎండోస్కోపీతో తీసేశారు. తీశాక ఆ చోటును పలచటి అసిటిక్ యాసిడ్‌తో కడిగారు, మిగిలిన క్షారాన్ని చల్లార్చడానికి. ముక్కులోంచి కడుపులోకి గొట్టం వేశారు. సర్జన్ బయటికొచ్చి ఫోటోలు చూపించారు. ఒక వైపు గోడ నల్లగా మాడి ఉంది.

ఇంట్లోవాళ్లు, బంధువులు, ఫోన్ చేసిన ప్రతివాళ్లూ "గండం గడిచింది" అన్నారు. సర్జన్ మాత్రం ఆ మాట అనలేదు. సెల్లు తీసినంత మాత్రాన కాలడం ఆగదని, గోడలోకి ఇంకిన క్షారం ఇంకా కొన్నాళ్లు లోపలికి తింటూనే ఉంటుందని, ఇవాళ కనిపిస్తున్న గాయం కన్నా వారం తర్వాతి గాయం లోతుగా ఉండొచ్చని అన్నారు. అన్నవాహికకు వెనకాల వెన్నెముక, ముందు శ్వాసనాళం, ఎడమ పక్కన అయోర్టా. వీటిలో దేనికైనా దారి పడొచ్చు. అయోర్టాకు పడితే రక్తస్రావం ఆపడం దాదాపు అసాధ్యం. సెల్లు తీసేసిన మూడు నాలుగు వారాలకు, బాగా ఆడుకుంటున్న పిల్లలకు కూడా అలా జరిగిన సందర్భాలున్నాయి. ఇదంతా ఆయన నెమ్మదిగా, కూర్చోబెట్టి చెప్పారు. ఆ మాటల్లో సగం ఆ రోజు నేను వినలేదు, మా ఆయన విన్నారు.

తీసిన వెంటనే ఇంకో ఎక్స్‌రే. సెల్లు వచ్చేసిందిగా, మళ్లీ ఎందుకని అడిగాను. గోడకు చిల్లు పడితే ఛాతీలో, మెడలో గాలి కనిపిస్తుంది, అది చూస్తున్నామన్నారు. గాలి లేదు. దాంతోపాటు లోపల లోహపు ముక్క ఏదీ మిగల్లేదని కూడా అదే ఎక్స్‌రేతో తేలింది. ఆ రెండో సంగతి ఎందుకో ఎంఆర్ఐ దగ్గర అర్థమైంది. లోపల సెల్లు ఉండగా ఎంఆర్ఐ తీయనే కూడదు, ఆ అయస్కాంతం దాన్ని కదిలిస్తుంది.

ఎంఆర్ఐకి ముందు ఫారం నింపించారు. ఒంట్లో లోహం ఏమైనా ఉందా, ఇంతకుముందు ఆపరేషన్లు అయ్యాయా, ఎలర్జీలున్నాయా. ముక్కు గొట్టం ఏ రకందో, దాని కొసన లోహం ఉందో లేదో కూడా టెక్నీషియన్ కనుక్కున్నాడు. పాప మొలతాడు, జడకు పెట్టిన పిన్ను తీయించారు, గౌను మార్పించారు. కదలకుండా చాలాసేపు పడుకోవాలి కాబట్టి మత్తు తప్పదు. మత్తంటే పరగడుపు. గొట్టంలోంచి పోసే పాలు ముందే ఆపేశారు. అసలే నోటితో ఏమీ లేక రోజులైపోయిన పిల్ల, ఆ కాసిన్ని పాలు కూడా ఆపేసరికి గొంతు పోయేలా ఏడ్చింది. మా స్లాటు రెండుసార్లు వెనక్కి జరిగింది. ఎమర్జెన్సీ కేసు వచ్చిందన్నారు, మేమూ అలా వచ్చినవాళ్లమే కాబట్టి ఏమీ అనలేకపోయాం. ఒక్క సలహా: మత్తు పరీక్ష ఉన్న రోజు పిల్లల స్లాటు పొద్దున్నే ఇమ్మని గట్టిగా అడగండి. ఏడాదిన్నర పిల్లకు మధ్యాహ్నం స్లాటు ఇవ్వడం, నన్నడిగితే, ఆ షెడ్యూలు వేసేవాళ్లకు పిల్లల్లేకపోవడమే.

చెవులకు మఫ్స్ పెట్టి లోపలికి తీసుకెళ్లారు. మెషీన్ మోత బయటికి కూడా వినిపిస్తుంది, సుత్తితో కొడుతున్నట్టు. మధ్యలో చేతి సిరలో పెట్టిన సన్నటి గొట్టం, కాన్యులా, ద్వారా గడోలీనియం అనే మందు ఎక్కించారు, రక్తనాళాల గోడలు, వాపు బాగా కనిపించడానికి.

రిపోర్టు డాక్టరు కంటే ముందు మా చేతికే వచ్చింది. అది కారిడార్లో నిలబడి చదవకండి. అందులో ప్రతి మాటా ప్రాణాంతకంగానే కనిపిస్తుంది. చివర్లో రోగి పరిస్థితితో పోల్చి చూసుకోవాలని ఒక వాక్యం ఉంటుంది. ఇందులో ఏదో తేడా ఉంది కాబట్టే అలా రాశారని మా ఆయన కంగారు పడిపోయారు. అది దాదాపు ప్రతి రిపోర్టు కిందా రాసేదేనట.

నాకు నిజంగా అర్థమైంది మర్నాడు రేడియాలజిస్టు స్క్రీను ముందు కూర్చోబెట్టి చూపించినప్పుడే. ఆమె చాలా చిన్నావిడ, చదువైపోయి ఎంతో కాలమైనట్టు లేదు.

"ఇదమ్మా అన్నవాహిక. ఈ తెల్లగా ఉన్నదంతా వాపు. ఈ రకం బొమ్మలో నీరు తెల్లగా కనిపిస్తుంది."

"మరి ఆ గుండ్రంగా ఉన్నది?"

"అయోర్టా. దాని గోడ నున్నగానే ఉంది చూడండి. కానీ మామూలుగా రెండింటికీ మధ్య సన్నటి కొవ్వు పొర ఉంటుంది. ఇక్కడ అది కనిపించట్లేదు. వాపు వచ్చి ఆనుకుంది."

"అంటే చిల్లు పడుతుందా?"

"పడుతుందని కాదు. పడదని ఈ బొమ్మ చూసి చెప్పలేను. వారం లోపల మళ్లీ తీసి చూద్దాం. వాపు అయోర్టా నుంచి వెనక్కి జరిగిందా, ముందుకు పోయిందా అన్నదే మాకు కావాలి."

ఒక్క బొమ్మతో తేల్చే విషయం కాదది, రెండు బొమ్మల మధ్య తేడా చూసి తేల్చేది. అందుకే ఇలాంటి గాయాలకు అయిదు నుంచి ఏడు రోజులకోసారి మళ్లీ తీస్తారు, వాపు రక్తనాళానికి దూరమయ్యేదాకా. అప్పటిదాకా పిల్లను ఆస్పత్రిలోనే ఉంచుతారు. మంచిగా నవ్వుతున్న పిల్లను, జ్వరం కూడా లేని పిల్లను వార్డులో పెట్టుకుని కూర్చోవడం ఎంత కష్టమో! చూడ్డానికి వచ్చినవాళ్లు "బాగానే ఉందిగా, ఇంకా ఎందుకుంచారు?" అంటుంటే మనకూ అదే అనుమానం వస్తుంది. ఆస్పత్రివాళ్లు బిల్లు కోసం ఉంచుతున్నారని మా బంధువొకాయన తేల్చేశారు. ఆ మాట నేను పట్టించుకోలేదంటే అబద్ధం.

సీటీ ఎందుకు తీయరు, ఇంత మత్తు గొడవ లేకుండా సెకన్లలో అయిపోతుందిగా అని అడిగాం. కొన్ని చోట్ల సీటీ యాంజియోగ్రామే తీస్తారని సర్జన్ ఒప్పుకున్నారు. రక్తనాళాలు అందులో చక్కగా కనిపిస్తాయి, మత్తు అవసరం కూడా చాలాసార్లు ఉండదు. కానీ దానికి రేడియేషన్ ఉంది. వారం వారం తీయాల్సి వస్తే చిన్నపిల్లకు అది పేరుకుంటుంది. పైగా మెత్తటి కండలో వాపు ఎంతవరకు పాకిందో ఎంఆర్ఐలోనే స్పష్టంగా తెలుస్తుంది. దీనిలో రేడియేషన్ లేదు, మత్తు ఉంది. దానిలో మత్తు తక్కువ, రేడియేషన్ ఉంది. తొందర ఉంటే సీటీ, వ్యవధి ఉంటే ఎంఆర్ఐ అన్నారాయన.

మా పక్క మంచంలో ఒక ఎనిమిదేళ్ల బాబు రాత్రికి చేరి పొద్దున్నే ఇంటికెళ్లిపోయాడు. వాడూ బటన్ సెల్లే మింగాడు. కానీ వాచీలో వేసే చిన్న రకం, ఎక్స్‌రే తీసేసరికే అన్నవాహిక దాటి కడుపులో ఉంది, నొప్పీ వాంతీ ఏమీ లేవు. మలంలో పడుతుందేమో చూసుకోండి, కనిపించకపోతే పది పద్నాలుగు రోజులకు ఒక ఎక్స్‌రే తీద్దాం, కడుపు నొప్పి గానీ రక్తం గానీ కనిపిస్తే ఆ క్షణమే రండి అని పంపేశారు. అదే సెల్లు పెద్దదై, పిల్ల మా పాపంతై ఉంటే కడుపులో ఉన్నా ఇంత తేలిగ్గా వదిలేవాళ్లు కాదట. వాళ్లమ్మ నాకు టాటా చెబుతుంటే ఏడుపొచ్చింది, అసూయతో. ఒకే వస్తువు, ఒకే వార్డు, వాడికి ఒక్క ఎక్స్‌రే, మాకు ఇన్ని. తేడా అంతా ఎక్కడ ఆగిందన్నదానిలో, ఎంత వెడల్పన్నదానిలో ఉంది.

రెండో ఎంఆర్ఐలో వాపు తగ్గుముఖం పట్టింది. అప్పుడు గానీ నోటితో తాగించే పరీక్షకు రాయలేదు. దాన్నే కాంట్రాస్ట్ స్వాలో అంటారు. ఎక్స్‌రే వీడియోలా కదులుతూ కనిపించే ఫ్లోరోస్కోపీ గదిలో, మందు మింగుతుండగా అది ఎలా దిగుతోందో, పక్కకి ఎక్కడైనా కారుతోందో చూస్తారు. అందరికీ తెలిసిన బేరియం ముందే ఇవ్వరు. చిల్లు ఉండి బేరియం ఛాతీలోకి పోతే అక్కడ అది పెద్ద తలనొప్పి. అందుకే మొదట నీళ్లలో కరిగే రకం ఇస్తారు, కారినా ఒళ్లు దాన్ని పీల్చేసుకుంటుంది. అందులోనూ పొరపాటున ఊపిరితిత్తుల్లోకి పోయినా హాని తక్కువ చేసే రకం ఎంచుకుంటారు, మింగడం మరిచిపోయిన పిల్లలకు పొలమారడం ఖాయం కాబట్టి.

గదిలోకి ఒక్కరినే రానిస్తారు, గర్భంతో ఉన్నవాళ్లను రానివ్వరు. మా ఆయన సీసపు ఏప్రాన్ వేసుకుని లోపలికెళ్లారు, నేను అద్దం ఇవతల. ఇన్నాళ్లూ నోటికి ఏమీ లేదు కదా, ఆవురావురుమని తాగేస్తుందనుకున్నాం. మూతి బిగించేసింది. సీసాతో కాదు, చెంచాతో కాదు. చివరికి సిరంజితో బుగ్గలోకి కొంచెం కొంచెంగా వదిలారు. కొంత మింగింది, చాలావరకు వాళ్ల నాన్న ఏప్రాన్ మీద ఉమ్మింది. పక్కకు తిప్పి ఒకసారి, వెల్లకిలా ఒకసారి. పాప మింగినప్పుడు మాత్రమే టెక్నీషియన్ బటన్ నొక్కాడు, మిగతా సేపు స్క్రీను ఆగిన బొమ్మతోనే ఉంది. రేడియేషన్ తగ్గించడానికి అలా చేస్తారు. లీకు లేదని తేలాక బేరియం ఇచ్చి ఇంకోసారి చూశారు, సన్నటి దారులేమైనా ఉంటే అందులో బాగా తెలుస్తాయని.

లీకు లేదు. శ్వాసనాళంలోకి దారి లేదు. మా మామయ్య ఫోన్లోనే, "ఇక అన్నీ పెట్టొచ్చుగా?" అన్నారు. నేనూ అదే అడిగాను సర్జన్‌ని. ఆయన లేదన్నారు. నేను కొంచెం గట్టిగానే అడిగాను, మరి ఇంతసేపూ ఈ పరీక్ష దేనికండీ అని.

"ఇవాళ చిల్లు ఉందా లేదా అని అడిగాం, లేదు అంది. అయోర్టా సంగతి దీన్ని అడగలేదు, అడిగినా చెప్పలేదు. దారి బిగుసుకుంటుందా అన్నది ఇంకా ఎవరూ చెప్పలేరు, మచ్చ కట్టి ముడుచుకోవడానికి వారాలు పడుతుంది."

ఆ రోజు నుంచి నేనొక నోటు పుస్తకం పెట్టాను. ఎడమ వైపు పరీక్ష పేరు, కుడి వైపు అది ఏ ప్రశ్నకు జవాబు చెబుతుందో. ఎక్స్‌రే ఎదురుగా, సెల్లు ఎక్కడుంది, గాలి కారిందా. ఎంఆర్ఐ ఎదురుగా, వాపు ఎంత దూరం పోయింది. స్వాలో ఎదురుగా, చిల్లు ఉందా, దారి సన్నబడిందా. పేజీ కింద సర్జన్ చెప్పిన ఇంకో నాలుగు రాసుకున్నాను, ఏ మెషీనూ రోజూ కాపలా కాయలేనివి, మేమే చూసుకోవాల్సినవి. నీళ్లు తాగినప్పుడల్లా దగ్గితే శ్వాసనాళానికి దారి పడిందేమో. గొంతు బొంగురుపోతే నరం దెబ్బతిందేమో. మెడ తిప్పనంటే, ఎత్తుకుంటే నొప్పని ఏడిస్తే వెన్నెముక. నోట్లోంచి గానీ వాంతిలో గానీ రక్తం ఒక్క చుక్క కనిపించినా, మలం తారులా నల్లగా వచ్చినా, ఇంట్లో కూర్చుని ఆలోచించకుండా వచ్చేయాలి. పెద్ద రక్తస్రావానికి ముందు చాలాసార్లు చిన్నది ఒకటి వచ్చి ఆగుతుంది. ఆగింది కదా అని ఊరుకుంటే రెండోది అవకాశం ఇవ్వదు.

ఇంకో ఎంఆర్ఐలో వాపుకూ అయోర్టాకూ మధ్య ఆ కొవ్వు పొర మళ్లీ కనిపించాక ఇంటికి పంపారు, ముక్కు గొట్టంతోనే. పాలు గొట్టంలోంచి, కాసిని నీళ్లు నోటితో. ఒక రాత్రి దిండు మీద రక్తం. రూపాయి బిళ్లంత మరక. ఎలా బట్టలు వేసుకున్నామో, కారు ఎవరు నడిపారో కూడా గుర్తులేదు. ఎమర్జెన్సీలో సెల్లు కథ చెప్పగానే, మామూలుగా అడిగే ప్రశ్నలన్నీ పక్కన పెట్టేశారు. రెండు కాన్యులాలు పెట్టారు, రక్తం సిద్ధం చేయమన్నారు, సర్జన్‌ని పిలిపించారు, పాపను నేరుగా సీటీకి తీసుకెళ్లారు. తొందర ఉంటే సీటీ అని ఆయన అన్న మాట అక్కడ కళ్లారా చూశాను. దుప్పటిలో బిగించి చుట్టారు, సిరలోకి మందు పంపారు, బల్ల లోపలికి వెళ్లి వచ్చింది. అంతే, మత్తు లేదు. అయోర్టా గోడ చెక్కుచెదరలేదు, ఎక్కడా ఉబ్బు లేదు, కారుడు లేదు. తర్వాత చెవి ముక్కు గొంతు డాక్టరు వచ్చి చూస్తే, ముక్కు గొట్టం ఒరుసుకుని లోపల పుండు పడింది. రక్తం అక్కడిది.

ఇంత హడావుడీ ముక్కు పుండుకా అని నాకు సిగ్గేసింది. డ్యూటీ డాక్టరు ఏమీ విసుక్కోలేదు. ముక్కులోంచే వచ్చిందని సీటీ చూశాక చెప్పగలిగాం గానీ, దిండు చూసి మేమైనా చెప్పలేమమ్మా అన్నాడు. ఆ రాత్రి తీసిన సీటీ రేడియేషన్ గురించి నాకు ఒక్క క్షణం కూడా బెంగ లేదు. అవసరం లేనప్పుడు తప్పించుకోవాల్సిందే, ఆ రాత్రి తప్పించుకోవాల్సినది కాదు.

తర్వాతి వారాలు చప్పగా గడిచాయి. గొట్టం తీసేశారు. పలచటివి, తర్వాత మెత్తగా మిక్సీ పట్టినవి. అంతా సర్దుకుందనుకుంటుండగా, కాస్త గట్టిగా ఉన్నది పెడితే మెడ ముందుకు చాచి, కళ్లలో నీళ్లు తిరిగి, బయటికి తోసేయడం మొదలుపెట్టింది. మారాం అని అత్తయ్య, అలవాటు తప్పిందని నేను. మళ్లీ స్వాలో పరీక్ష. మందు దిగుతూ దిగుతూ ఒక చోట సన్నటి దారంలా అయి, దాని పైన అన్నవాహిక ఉబ్బి నిలిచింది. మొదటి స్వాలోలో ఇదే చోట దారి బాగానే ఉంది. రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూపించారు కాబట్టి నాకే తెలిసిపోయింది, ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

ఇక్కడొక మాట. పాత స్కాన్ల సీడీలు పారేయకండి, రిపోర్టు కాగితం ఒక్కటే దాచుకుంటే చాలదు. మరో ఆస్పత్రికి వెళ్లాల్సి వస్తే వాళ్లు అడిగేది బొమ్మలు. కాగితం మీద స్వల్పంగా సన్నబడింది అని ఉంటే, ఎంత స్వల్పమో, ఇదివరకటికన్నా ఎక్కువో తక్కువో దాన్ని బట్టి ఎవరూ చెప్పలేరు. వీలైతే ప్రతిసారీ ఒకే చోట, ఒకే రేడియాలజిస్టు చూసేలా చూసుకోవడం ఇంకా మంచిది. మాకు ఆ చిన్నావిడ దొరికింది. పాప పేరు చెప్పకముందే అయోర్టా పాపేగా అనేది, ఆ పిలుపు నాకు మొదట్లో ఒళ్లు మండించినా.

సన్నబడిన చోటును బెలూన్‌తో వెడల్పు చేశారు. మత్తిచ్చి, ఎక్స్‌రేలో చూస్తూ, బెలూన్ను ఆ ఇరుకులో ఉబ్బిస్తారు. నడుం దగ్గర నొక్కుకుపోయి ఉన్న బెలూన్ మెల్లగా నిండుగా అవడం స్క్రీను మీద కనిపిస్తుందట. అది నేను చూడలేదు, బయట ఉన్నాను. ఒక్కసారితో పోలేదు, మచ్చ మళ్లీ ముడుచుకుంది, మళ్లీ చేశారు. చేసిన ప్రతిసారీ తర్వాత ఒక ఎక్స్‌రే. ఈసారి ఎందుకని అడగలేదు. సాగదీసినప్పుడు గోడ చిరిగి గాలి కారిందేమో చూడటానికని నా పుస్తకంలో ఉంది.

ఇప్పుడు పాప మా పళ్లెంలోంచి లాక్కుని తింటోంది. పెద్ద ముక్కలు ఇంకా చిదిమి పెడుతున్నాం. మొన్నటి అపాయింట్‌మెంట్‌కి నేను సిద్ధమై వెళ్లాను, ఇంకో ఎంఆర్ఐ రాయమని అడగడానికి. సర్జన్ పాప చేత ఒక బిస్కెట్ తినిపించి చూశారు, బరువు చూశారు, గొంతు విన్నారు. స్కాన్ ఏమీ రాయలేదు.

"ఒక్కసారి తీయించి చూద్దామండీ, నా మనశ్శాంతి కోసం" అన్నాను.

"దేనికమ్మా? ఏం తెలుసుకుందామని?"

పుస్తకం తెరిచాను. కుడి వైపు రాయడానికి ఏమీ దొరకలేదు. అయోర్టా భయపడే కాలం దాటిపోయింది. దగ్గు లేదు, గొంతు మామూలుగానే ఉంది. మింగుతోంది. నా మనశ్శాంతి కోసం పిల్లకు మళ్లీ మత్తివ్వడం సబబు కాదని ఆయన అనలేదు, ఊరికే చూస్తూ కూర్చున్నారు. చివరికి నేనే మూడు నెలల తర్వాత రమ్మంటారా అని అడిగాను. రమ్మన్నారు. మళ్లీ మింగడానికి ఇబ్బంది పడితే మాత్రం అప్పటిదాకా ఆగొద్దని, స్వాలో పరీక్షకు నేరుగా రాసిస్తానని చెప్పి, ఫైలు మీద తేదీ వేసి ఇచ్చారు.